అడాస్‌కు రెండు లక్షలు ఎక్కువ పెట్టాలా? గుంటూరు–విజయవాడ రోడ్డు మీద తేల్చుకున్న నా అనుభవం

మా ఇల్లు గుంటూరు లక్ష్మీపురంలో. ఉద్యోగం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బ్యాంకు శాఖలో. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే మళ్లీ ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది అవుతుంది. కారు నేనే నడుపుకుంటాను. అమ్మాయి హైదరాబాద్‌లో చదువుతోంది కాబట్టి నెలకోసారైనా ఆ రోడ్డు కూడా ఎక్కాల్సిందే. పాత కారుకు పదకొండేళ్లు నిండాయి, క్లచ్చు రెండోసారి మార్చాల్సిన పరిస్థితి వచ్చింది. ఇక లాభం లేదనుకుని 2025 శ్రావణమాసం రాగానే, అంటే జులై ఆఖర్లో, షోరూంలు తిరగడం మొదలుపెట్టాం.

ఏ కారు అన్నది తేలడానికి పెద్దగా టైమ్ పట్టలేదు. నాలుగు మీటర్లు దాటిన ఎస్‌యూవీ, పెట్రోలు, ఆటోమేటిక్. అక్కడిదాకా ఇంట్లో అందరిదీ ఒకే మాట. రెండు నెలలు తల పట్టుకునేలా చేసింది వేరియంట్. మధ్య వేరియంట్‌కీ టాప్ ఎండ్‌కీ ఎక్స్‌షోరూం ధరలో తేడా లక్షా తొంభై వేలు. ఆ తేడాలో అసలు సరుకు అడాస్. అంటే ప్రమాదం ముంచుకొస్తే కారే బ్రేక్ వేయడం, ముందు బండిని బట్టి వేగం తగ్గించుకోవడం (అడాప్టివ్ క్రూయిజ్), గీత దాటుతుంటే స్టీరింగ్ సర్దడం (లేన్ అసిస్ట్), పక్కన కనపడని బండి ఉంటే చెప్పడం (బ్లైండ్ స్పాట్ హెచ్చరిక). వీటిలో ఏవి మన రోడ్ల మీద నిజంగా పనికొస్తాయో, వేటికి డబ్బు పెట్టొచ్చో, ఈ రోడ్డు మీద రోజూ నడిపే మనిషి చెబితే వినాలని ఎంతో వెతికాను. దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గుంటూరులో మొదటి షోరూంలో నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదీ: బ్లైండ్ స్పాట్ హెచ్చరిక, ఆటోమేటిక్ బ్రేకు, ఈ రెండే మధ్య వేరియంట్‌కు విడిగా పెట్టించుకోవచ్చా? "అలా ఉండదు మేడమ్, అడాస్ కావాలంటే టాప్ ఎండే తీసుకోవాలి" అన్నాడు సేల్స్ అబ్బాయి. దాంతో పాటే పనోరమిక్ సన్‌రూఫ్, వెంటిలేటెడ్ సీట్లు, ఖరీదైన స్పీకర్లు వస్తాయి. అవన్నీ వద్దు, ఈ రెండు చాలు అంటే కుదరదు. ఆ తర్వాత ఎక్కిన షోరూంలన్నిటిలో దాదాపు ఇదే సమాధానం. మా అత్తగారికి ఎండలో తల మీద అద్దం ఉండటం అసలు ఇష్టం లేదు. అయినా దానికీ డబ్బు కట్టాల్సిందే. కాబట్టి మన దగ్గర ఏ ఫీచర్ కొనాలి అని ఆలోచించి లాభం లేదు. ఆ మూటలో మనకు అక్కరకొచ్చేవి ఎన్ని, వాటికోసం మిగతావి కూడా భరించవచ్చా అని ఆలోచించాలి.

కొటేషన్ చేతికొచ్చాక తెలిసిన ఇంకో సంగతి. ఎక్స్‌షోరూం తేడా లక్షా తొంభై వేలే గానీ, దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కూడా పెరిగి ఆన్‌రోడ్ తేడా రెండు లక్షల ముప్పై వేల దాకా వచ్చింది. నాకు బ్యాంకు లెక్కలు అలవాటే కాబట్టి వెంటనే వేసుకున్నాను. ఐదేళ్ల లోను, 9 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 4,800 దగ్గర దగ్గర. మధ్య వేరియంట్ కూడా పది లక్షలు దాటినదే కాబట్టి ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే మన దగ్గర వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను, రెండిటికీ ఉంటుంది. అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది గానీ ఆ రోజుకి చేతినుంచి కట్టాలి. ఎవరూ ముందుగా చెప్పరు, చివరి కాగితంలో కనిపిస్తుంది.

ఆ అబ్బాయి ఇచ్చిన బ్రోచర్‌లో సేఫ్టీ ఫీచర్ల జాబితా పేజీ నిండా ఉంది. ఇంటికొచ్చి పెన్ను తీసుకుని కూర్చున్నాను. వెనక పార్కింగ్ సెన్సార్లు, సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే అలారం, 80 దాటితే వచ్చే బీప్, ఇవి 2019 జులై 1 నుంచి ప్రతి కొత్త కారుకూ తప్పనిసరి. కొట్టేశాను. ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారకుండా పట్టే ఈఎస్‌సీ, టైర్లలో గాలి చెప్పేది, ఇవి మధ్య వేరియంట్‌లోనూ ఉన్నాయి. అవీ కొట్టేశాను. 360 డిగ్రీల కెమెరా కూడా మధ్యదానిలో ఉంది. చివరికి టాప్ ఎండ్‌కు మాత్రమే మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ముందు ఢీకొట్టకుండా బ్రేకు, అడాప్టివ్ క్రూయిజ్, లేన్ అసిస్ట్, బ్లైండ్ స్పాట్, రివర్స్ చేసేటప్పుడు అడ్డం వచ్చే బండ్ల హెచ్చరిక, హైబీమ్ దానంతటదే తగ్గడం. ఈ వడపోత ఎవరైనా సరే ఇంట్లో కూర్చుని చేసుకోవాలి. షోరూంలో కాఫీ తాగుతూ చేస్తే కుదరదు.

ఇంకొక షోరూంలో సేల్స్ అబ్బాయి "లెవెల్ 2 మేడమ్, హైవే ఎక్కాక చేతులు వదిలేసినా అదే పోతుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పాతికేళ్ల కుర్రాడు, తెలియక అన్నాడని సర్దుకున్నా గానీ, ఆ మాట నమ్మి ఎవరైనా మా దారిలో కాజ టోల్ దగ్గర చేతులు వదిలేస్తే ఏమిటి గతి? లెవెల్ 2 అంటే వేగం, స్టీరింగ్ రెండిట్లోనూ కారు సాయం చేస్తుందని మాత్రమే. చూపు రోడ్డు మీద, చేతులు స్టీరింగ్ మీద ఉండాల్సింది మనవే. బాధ్యతా మనదే. చేతులు తీస్తే కాసేపటికి అదే అరిచి గోల చేస్తుంది. ఈ సంగతి అమ్మేవాళ్లకు నేర్పకుండా షోరూంలో నిలబెట్టడం అన్యాయం.

ఆ రాత్రే కంపెనీ వెబ్‌సైట్‌లోంచి ఓనర్స్ మాన్యువల్ దింపుకున్నాను. కారు కొనకముందే అందరికీ దొరుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. బ్రోచర్‌లో ఒక లైను ఉన్న ఫీచర్‌కు మాన్యువల్‌లో పేజీలకు పేజీలు ఉంటాయి, అందులో ఎక్కువ భాగం అది ఎప్పుడెప్పుడు పని చేయదో చెప్పేదే. జోరు వాన, ఎదురెండ, దుమ్ము, మలుపులు, హఠాత్తుగా అడ్డం వచ్చే మనుషులు, పశువులు, సన్నగా ఉండే బండ్లు. చదువుతుంటే మన రోడ్డునే వర్ణిస్తున్నారేమో అనిపించింది.

మాన్యువల్ వల్లే అర్థమైన ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. అడాస్ అన్న పేరు ఒకటే గానీ లోపలి పరికరాలు అన్ని కార్లలో ఒకటి కావు. ముందు అద్దం పైన, లోపలి మిర్రర్ వెనక కెమెరా ఉంటుంది. కొన్నిటిలో దానికి తోడు ముందు బంపర్‌లో రాడార్ ఉంటుంది. హోండా సిటీ, ఎలివేట్ లాంటివి కెమెరా ఒక్కదాని మీదే నడుస్తాయి. క్రెటా లాంటి వాటిలో కెమెరాతో పాటు ముందు రాడార్, వెనక బంపర్ రెండు మూలల్లో రాడార్లు ఉన్నాయి. ఈ మూల రాడార్లే బ్లైండ్ స్పాట్‌లో ఉన్న బండినీ, రివర్స్‌లో అడ్డం వచ్చే బండినీ పట్టేవి. అడాస్ ఉంది అని చెప్పిన ప్రతి కారులోనూ అవి ఉండవు. కొన్ని కార్లలో వాటి బదులు మిర్రర్ కింద కెమెరా పెట్టి, ఇండికేటర్ వేస్తే పక్క దృశ్యం స్క్రీన్ మీద చూపిస్తారు. పగలు బాగానే ఉంటుంది. రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో నాకు ఏమీ తెలియలేదు. "వెనక మూలల్లో రాడార్లు ఉన్నాయా?" అన్న ఒక్క ప్రశ్న అడగండి. నేను అడిగితే రెండు చోట్ల లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి చెప్పారు.

ఇక టెస్ట్ డ్రైవ్. గుంటూరు షోరూంలో అడాస్ ఉన్న టెస్ట్ కారు లేదు. మధ్య వేరియంట్ ఇచ్చి ఇన్నర్ రింగ్ రోడ్డులో ఒక చుట్టు తిప్పించి "ఇంజిన్ అదే మేడమ్" అన్నారు. నాకు ఇంజిన్ గురించి అనుమానం లేదు. ఆ రెండు లక్షల ముప్పై వేల గురించే అనుమానం. విజయవాడ బ్రాంచిలో ఉందన్నారు, పది రోజులు ఆగమన్నారు. ఆగాం. ఆగస్టు రెండో వారంలో పిలిచారు. అక్కడా మొదట ఊళ్లోనే తిరుగుదామన్నారు. నేను రోజూ ఇంటికెళ్లే టైముకి, నేను వెళ్లే రోడ్డు మీదే నడిపి చూస్తాను, టోల్ నేను కట్టుకుంటాను అని గట్టిగా అడిగితే మేనేజరు సరేనన్నారు. సాయంత్రం ఆరున్నరకి బయల్దేరాం. పక్కన సేల్స్ అబ్బాయి, వెనక మా ఆయన.

కృష్ణ మీది వారధి దాటేదాకా ట్రాఫిక్‌లో క్రూయిజ్ ఆన్ చేసి చూశాను. ముందు బండి ఆగితే ఆగింది, కదిలితే కదిలింది. పాదానికి హాయి. కాకపోతే ముందు బండికీ మనకీ అది ఎంత జాగా వదిలితే అంత జాగాలో బైకులు దూరాయి. తాడేపల్లి దాటాక 80కి పెట్టి, దూరం ఎక్కువ ఉండేలా సెట్ చేశాను. మంగళగిరి దగ్గర ఒక షేర్ ఆటో ఎడమ నుంచి ఆ జాగాలోకి వచ్చేసింది. మన కాలు అయితే యాక్సిలరేటర్ వదిలి నెమ్మదిగా తగ్గిస్తుంది. కారు మాత్రం గట్టిగానే బ్రేక్ పట్టింది. వెనక లారీ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. మా ఆయన వెనక్కి తిరిగి చూసి "అది ఆపెయ్యి" అన్నారు. దూరం తగ్గించి మళ్లీ చూశాను, కొంత మెరుగు. కానీ సాయంత్రం పూట వారధికీ నాగార్జున యూనివర్సిటీకీ మధ్య దాన్ని వాడనని అప్పుడే నిర్ణయించుకున్నా.

లేన్ అసిస్ట్ మంగళగిరి నుంచి కాజ దాకా బాగా చేసింది. అక్కడ తెల్ల గీతలు స్పష్టంగా ఉన్నాయి. టోల్ దాటాక అసలు పరీక్ష వచ్చింది. ఎడమ పక్కన వెనక లైటు లేని ట్రాక్టర్, ట్రాలీ నిండా చొప్ప. దగ్గరికొచ్చాకే కనిపించింది. ఇండికేటర్ వేసే వ్యవధి లేదు, కుడికి తిప్పాను. స్టీరింగ్ నా చేతికి ఎదురు తిరిగింది. చిన్న బిగువే, ఆడవాళ్ల చేతికి కూడా లొంగేంతే, కానీ ఆ క్షణంలో గుండె జారింది. కారు దృష్టిలో నేను చెప్పకుండా గీత దాటుతున్నాను, అంతే. అక్కడ ట్రాక్టర్ ఉందని దానికి పట్టలేదు. యూనివర్సిటీ దగ్గర బస్సు దిగి పిల్లలు రోడ్డు దాటుతున్నారు, ఒక బైకు రాంగ్ రూట్‌లో ఎదురొస్తోంది. నేనే బ్రేక్ వేశాను. నేను వేయకపోతే అది వేసేదేమో అని చూడాలన్న ఆలోచన కూడా రానివ్వొద్దు. ఆ ఫీచర్ టెస్ట్ డ్రైవ్‌లో పరీక్షించేది కాదు.

తిరిగి వచ్చేటప్పుడు తాడేపల్లి దగ్గర ఎడమ లైనులోకి మారబోతుంటే మిర్రర్‌లో నారింజ రంగు లైటు వెలిగింది. మిర్రర్‌లో ఏమీ కనపడలేదు. ఆగాను. రెండు సెకన్లకు ఒక బైకు మీద ముగ్గురు, హెడ్‌లైట్ లేకుండా, ఎడమ కిటికీ పక్కనుంచి ముందుకెళ్లారు. వాళ్లలో మధ్యలో ఉన్నది చిన్న పిల్లాడు. ఈ ఒక్కదానికి డబ్బు పెట్టొచ్చు అని ఆ రోజు ఇంటికెళ్లి మామగారితో చెప్పాను. ఆయన బైకు మీద తిరిగే రోజుల్లో రెండుసార్లు పడ్డ మనిషి. "అది ఉన్న కారే తీసుకోమ్మా, అవతలివాడి ప్రాణానికి కూడా అక్కరకొస్తుంది" అన్నారు.

ఇంకో కంపెనీ కారు వాన రోజున నడిపాను. వాన జోరందుకోగానే క్రూయిజ్, లేన్ రెండూ ఆగిపోయి, తాత్కాలికంగా అందుబాటులో లేదు అని స్క్రీన్ మీద వచ్చింది. దాన్ని తప్పు పట్టను, మాన్యువల్‌లో రాసిందే జరిగింది. అయితే మనకు సాయం బాగా కావాల్సిన సమయంలోనే అది తప్పుకుంటుందని కళ్లారా చూడటం మంచిదైంది.

మా తమ్ముడు హైదరాబాద్‌లో రెండేళ్లుగా ఇలాంటి కారే నడుపుతున్నాడు. ఫోన్ చేసి, ఇప్పటికీ ఏది ఆన్‌లో ఉంచుతావురా అని అడిగాను. "అక్కా, లేన్‌ది ఎప్పుడో ఆపేశా. క్రూయిజ్ పంతంగి టోల్ దాటాక వేస్తా. బ్రేకు మాత్రం ఒకసారి పడింది, సూర్యాపేట దగ్గర ముందు బస్సు ఉన్నట్టుండి ఆగితే. నా కాలు కూడా బ్రేక్ మీదకే వెళ్తోంది, కానీ అది ముందు పట్టింది. ఎంత తేడాతో ఆగిందో చెప్తే మీ మరదలు భయపడుతుందని ఇంట్లో చెప్పలేదు" అన్నాడు. ఖర్చు సంగతి కూడా వాడే చెప్పాడు. టిప్పర్ నుంచి రాయి ఎగిరి ముందు అద్దం పగిలింది. అద్దం మార్చడంతో పని అయిపోలేదు. కెమెరాను మళ్లీ సరిచేయాలి, దాన్ని కాలిబ్రేషన్ అంటారు. ఆ సదుపాయం ఉన్న వర్క్‌షాపులోనే చేయించాలి. బయట అద్దాల షాపులో తక్కువకి అవుతుందని వెళ్తే ఆ పని మా దగ్గర కాదన్నారట. కాబట్టి ఇన్సూరెన్స్‌లో జీరో డెప్ (భాగాల అరుగుదల కోయకుండా ఇచ్చేది) తీసుకున్నా, అద్దానికి ఎంత వస్తుంది, కాలిబ్రేషన్ ఖర్చు అందులో కలుస్తుందా అని ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. నేను మెయిల్‌లో అడిగాను, మెయిల్‌లోనే జవాబు తెప్పించుకున్నాను.

ఇంకో దారి కూడా చూశాం. మధ్య వేరియంట్ తీసుకుని, బ్లైండ్ స్పాట్ సెన్సార్లు బయట కార్ డెకార్స్‌లో పెట్టిస్తే? పద్దెనిమిది వేలు చెప్పారు. బంపర్‌కు రంధ్రాలు చేసి, వైరింగ్ కలపాలి. వారంటీ సంగతి అడిగితే షోరూం వాళ్లు, వైరు కోస్తే ఆ భాగానికి మా బాధ్యత ఉండదన్నారు. బంపర్‌కు స్టీల్ గార్డు కూడా వేయమన్నాడు డెకార్స్ అతను. ఆ గార్డులు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే చెప్పింది. పైగా రాడార్ ఉన్న కారుకు ముందు ఇనుము బిగిస్తే అది చూసేదెలా? ఆ ఆలోచన వదిలేశాం.

ఇంతలో ఆగస్టు 15న ప్రధాని జీఎస్‌టీ తగ్గుతుందని ఎర్రకోట మీద ప్రకటించారు. ఇక షోరూంలన్నీ ఒక్కసారిగా చల్లబడ్డాయి. బుక్ చేద్దామా ఆగుదామా అని రోజూ చర్చే. సెప్టెంబరు 3న కౌన్సిల్ నిర్ణయం వచ్చింది, 22 నుంచి అమలు. మా సైజు కారుకు 45 నుంచి 40 శాతానికి తగ్గింది. మధ్యలో మహాలయ పక్షాలు, అప్పుడు కొనడానికి అత్తగారు ఎలాగూ ఒప్పుకోరు. రెండూ కలిసొచ్చాయి. తగ్గిన డబ్బు చూశాక టాప్ ఎండ్ మీద ఇంట్లో ఉన్న బెరుకు కూడా తగ్గింది. నిజం చెప్పాలంటే తగ్గింపు రాకపోయినా నేను దానికే వెళ్లేదాన్ని. రాత్రి ఆ రోడ్డు మీద నడిపేది నేను. బ్లైండ్ స్పాట్, బ్రేకు, రివర్స్ హెచ్చరిక, ఈ మూడింటికే నెలకు ఆ 4,800 అని మనసులో రాసేసుకున్నాను. మిగతావి ఉంటే ఉన్నాయి, లేకపోతే లేదు.

దసరా రోజుల్లో బుక్ చేశాం. షోరూంలో కూర్చోడానికి కుర్చీ లేదు. బుకింగ్‌కు 25 వేలు కట్టాం, నాలుగు నుంచి ఆరు వారాలు అన్నారు. దీపావళికి వస్తుందని ఆశపెట్టారు, రాలేదు. అక్టోబరు ఆఖరి వారంలో కారు స్టాక్‌యార్డుకు వచ్చిందని ఫోన్ వచ్చిన మరునాటి నుంచే మొంథా తుపాను హెచ్చరికలు. 28 రాత్రి తుపాను తీరం దాటింది. యార్డులో నీళ్లు నిలిచాయేమోనని నాకు నిద్ర లేదు, ఎందుకంటే కింద బంపర్లలోనే కదా ఆ రాడార్లన్నీ. డెలివరీకి ముందు చేసే తనిఖీ మా కళ్లెదురుగా చేయమని అడిగాం. కార్పెట్ ఎత్తి, బంపర్ల కింద టార్చి వేసి చూపించారు. తడి లేదు. మా కారులో స్టార్ట్ చేయగానే సెన్సార్లలో లోపం ఉంటే స్క్రీన్ మీద చెబుతుంది. అదేమీ రాకపోవడం చూశాకే సంతకం చేశాను.

నవంబరు 7, శుక్రవారం డెలివరీ. అక్కడ ఫాస్టాగ్ అంటించే అబ్బాయి అలవాటు ప్రకారం అద్దం మధ్యలో, మిర్రర్ వెనకే అంటించబోయాడు. సరిగ్గా కెమెరా ముందు! ఆపి, మాన్యువల్‌లో ఆ పేజీ చూపించాను. కొంచెం కిందకి, పక్కకి అంటించాడు. కాజలో బాగానే పని చేస్తోంది. అత్తగారు తెచ్చిన అమ్మవారి స్టిక్కర్ కూడా అద్దం మీద కాకుండా డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాం.

ఆదివారం పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడికి వాహన పూజకు తీసుకెళ్లాం. కార్తీకమాసం, జనం కిటకిట. పూజారి గారు ముందు బంపర్‌కు నిండుగా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, లావుపాటి బంతిపూల దండ బానెట్ నుంచి నంబర్ ప్లేటు దాకా వేలాడేలా కట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయటికొచ్చామో లేదో స్క్రీన్ మీద పసుపు రంగు హెచ్చరిక: రాడార్‌కు అడ్డం ఉంది, శుభ్రం చేయండి. మా ఆయనకి టెన్షన్, కొత్త కారు అప్పుడే పాడైందా అని. దిగి చూస్తే ముందు బంపర్ కింది భాగంలో నల్లటి నున్నటి పలక ఉంది, అదే రాడార్. దాని మీద సరిగ్గా నడిమధ్యన బొట్టు, ఆపైన దండ. పూజారి గారి దగ్గరికే వెళ్లి చెప్పాను. ఆయన నవ్వి, దండ తీసి పైకి కట్టారు. ఆ పలక మీది పసుపు కుంకుమలు నేను తడిగుడ్డతో తుడిచాను. ఇంజిన్ ఆపి మళ్లీ వేస్తే హెచ్చరిక పోయింది. నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుకునేవాళ్లు కూడా ఆ పలకకు పక్కగా కట్టుకోండి. మీ కారులో అది ఎక్కడుందో డెలివరీ రోజే వేలు పెట్టి చూపించమనండి.

మొదటి రెండు వారాలు బీప్‌లతో తల బొప్పి కట్టింది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మలుపులో రెయిలింగ్ చూసి స్క్రీన్ మీద ఎర్ర బొమ్మ హెచ్చరిక, వారధి మీద బైకు ఆనుకుని వెళ్తే ఎర్ర బొమ్మ. విసుగొచ్చి అన్నీ ఆపేయాలనిపిస్తుంది. ఆపకండి. సెట్టింగుల్లోకి వెళ్లి ముందు ఢీకొట్టే హెచ్చరికను ఆలస్యంగా వచ్చేలా, శబ్దం తక్కువగా పెట్టుకున్నాను. బ్రేకు మాత్రం ఆన్‌లోనే. లేన్ అసిస్ట్ పూర్తిగా తీసేసి, గీత దాటితే చిన్న శబ్దం వచ్చేదొక్కటి ఉంచాను. మా కారులో ఈ సెట్టింగ్ గుర్తుంటుంది. స్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ ఆన్ అయిపోయే కార్లు కూడా ఉన్నాయి, టెస్ట్ డ్రైవ్‌లోనే ఇంజిన్ ఒకసారి ఆపి, వేసి చూసుకోండి. హైబీమ్ దానంతటదే మారడం హైవేలో పర్వాలేదు, అమరావతి రోడ్డులో ఎదుటి బండికి ఆలస్యంగా తగ్గుతోంది. ఎదుటివాళ్ల కళ్లల్లో కొట్టడం నాకు నచ్చక చేత్తోనే వాడుతున్నా.

రివర్స్ హెచ్చరిక ఇంత పనికొస్తుందని నేను అనుకోలేదు. మా సందు ఇరుకు. గేటు నుంచి వెనక్కి తీస్తుంటే అటూ ఇటూ ప్రహరీలు, కారు సగం బయటికొచ్చేదాకా ఏమీ కనపడదు. స్కూలు టైములో స్కూటీలు దూసుకొస్తాయి. ఇదివరకు మామగారు బయట నిలబడి రమ్మని చెయ్యి ఊపేవారు. ఇప్పుడు స్కూటీ ఇంకా రెండిళ్ల అవతల ఉండగానే ఏ వైపు నుంచి వస్తోందో బాణం గుర్తుతో చెప్తోంది. అయినా మామగారు నిలబడుతూనే ఉన్నారు, నేనూ వద్దనలేదు. సైకిల్ మీద నెమ్మదిగా వచ్చే పాల అబ్బాయిని అది ఒకసారి పట్టలేదు.

సంక్రాంతికి అమ్మాయిని తీసుకురావడానికి హైదరాబాద్ వెళ్లాం. తిరుగు ప్రయాణంలో చౌటుప్పల్ ముందు నుంచే బండ్లు బారులు తీరాయి. పంతంగి టోల్ దాటేదాకా ఆగుతూ కదులుతూ క్రూయిజ్‌తోనే వచ్చాను. మోకాలు నొప్పి ఉన్న నాకు ఆ రోజు దాని విలువ తెలిసింది. కాసేపు పూర్తిగా ఆగితే మళ్లీ కదలడానికి బటన్ నొక్కాలి, లేదా కాలితో చిన్నగా తాకాలి. మాన్యువల్ గేర్ల కారులో ఈ ఆగి కదిలే సౌకర్యం ఉండదు. గేర్ల బండి తీసుకునేవాళ్లు అడాప్టివ్ క్రూయిజ్ కోసం డబ్బు పెట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

బ్రోడీపేటలో ఉండే మా తోడికోడలు కూడా ఇప్పుడు ఇదే కారు కొంటోంది. తను ఊరు దాటదు, పిల్లల్ని స్కూల్లో దింపడం, మార్కెట్టు, గుడి. "అక్కా, నేనూ టాప్ ఎండ్ తీసుకోనా?" అని అడిగింది. తన గేటు నేరుగా వెడల్పు రోడ్డు మీదకే తెరుచుకుంటుంది, అటూ ఇటూ అడ్డం లేదు. హైవే ఎక్కదు. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, 360 కెమెరా ఉన్న మధ్య వేరియంట్ చాలని చెప్పాను. పోయిన వారం దానికే బుకింగ్ కట్టింది. నాలుగు వారాలు అన్నారట.